ఆటలో అరటిపండు కాకుండా

 

ఈ పూట మీతో ఒక పోటీ గురించి మాట్లాడాలి. దానికి ముందు ఒక్కసారి మన ఊరి వీధిలోకి వెళ్లొద్దాం.

సాయంత్రం పిల్లలంతా దొంగా పోలీసూ ఆడుతున్నారు. నాలుగేళ్ల తమ్ముడు వచ్చి, నేనూ ఆడతానని పేచీ పెడతాడు. వాణ్ణి కలుపుకుంటే ఆట చెడుతుంది. వద్దంటే వాడు ఏడుస్తాడు, లోపల్నుంచి అమ్మ కేకేస్తుంది. అప్పుడు అక్క ఒక తీర్పు చెబుతుంది. సరే, వీడు ఆటలో అరటిపండు. అంతే. వాడూ పరిగెడతాడు, వాడూ అరుస్తాడు. కానీ వాణ్ణి ఎవరూ పట్టుకోరు. పట్టుకున్నా వాడు అవుటు కాడు. వాడికి గెలుపూ లేదు, ఓటమీ లేదు.

నాలుగేళ్లప్పుడు అది బాగానే ఉంటుంది. ఆరేళ్లు వచ్చేసరికి వాడికే తెలిసిపోతుంది, తనను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదని. ఆ రోజు వాడు ఏడిచే ఏడుపు వేరుగా ఉంటుంది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆటలో అరటిపండు. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు కెనడాకు వద్దాం. అల్బర్టాలో, కాల్గరీ చుట్టుపక్కల, కోత అయిపోయిన ఒక పొలం ఊహించుకోండి. కనుచూపు మేర మోళ్లు. పైన ఎక్కడా అడ్డులేని ఆకాశం. పొలం మధ్యలో నిలువుగా ఒక సన్నటి ఇనుప కడ్డీ. ఆ కడ్డీకి ఆనించి ఒక చిన్న రాకెట్. దూరంగా, తీగ చివర బొత్తాం పట్టుకుని ఒక పదకొండేళ్ల పాప. మన తెలుగింటి పాపే అనుకోండి.

ఇది మోడల్ రాకెట్. మన దీపావళి తారాజువ్వకు దూరపు చుట్టం. కానీ జువ్వ ఒక్కసారి కాలిపోతే అయిపోయింది. ఇది అలా కాదు. అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, తేలికైన బాల్సా చెక్కతో చేసిన రెక్కలు. కింద, దుకాణంలో కొన్న చిన్న మోటారు. బొత్తాం నొక్కితే మోటారు రెండు సెకన్లలోపే మండి ఆరిపోతుంది. అక్కడి నుంచి రాకెట్ తన ఊపుమీదే పైకి పోతుంది. చిట్టచివరికి వెళ్లాక టప్‌మని ముక్కు ఊడి, పారాచూట్ విచ్చుకుంటుంది. రాకెట్ మెల్లగా దిగి వస్తుంది. మోటారు మార్చి మళ్లీ వదలొచ్చు.

కెనడా విమానయాన నిబంధనల్లో మోడల్ రాకెట్ అంటే ఏమిటో రాసి ఉంది. మోటారుతో సహా బరువు 1,500 గ్రాములు దాటకూడదు. మోటారు మొత్తం శక్తి 160 న్యూటన్ సెకన్లు మించకూడదు. ఆ రెండో మాట కొంచెం కటువుగా ఉంటుంది. వదిలేయండి. మోటార్లకు అక్షరాలు ఉంటాయి, అవి తెలిస్తే చాలు. ఏ, బి, సి, డి. ఒక అక్షరం దాటి తరవాతి దానికి వెళ్తే శక్తి రెట్టింపు. ఏకి రెట్టింపు బి. బికి రెట్టింపు సి. అలా జి దాకా. 160 అన్న హద్దు ఆ జి అక్షరానికి చివరి గట్టు.

మోటారు ఇంట్లో తయారు చేయరు. ఇది చాలా ముఖ్యం. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో పిల్లలు ఇనుప గొట్టాల్లో మందు కూరి రాకెట్లు చేయబోయి చేతులు పోగొట్టుకున్నారు. అంతకు మూడేళ్ల ముందే, నెబ్రాస్కాలోని నార్‌ఫోక్ అనే ఊళ్లో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ ఒక దారి కనిపెట్టి ఉన్నాడు. మోటారు ఒక గట్టి కాగితపు గుల్లలో ముందే తయారై వస్తుంది. ఆడుకునేవాడు మందు ముట్టుకోడు. పైన రాకెట్ మాత్రమే చేసుకుంటాడు. హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజనీరు ఆ సంగతి అందరికీ చేరవేశాడు. పిల్లల చేతులు భద్రంగా మిగిలాయి. దానితోపాటు మరో మేలు కూడా జరిగింది. అందరికీ ఒకే మోటారు దొరుకుతుంది కాబట్టి, పోటీ పెట్టుకోవచ్చు. ఎవరిది ఎక్కువ ఎత్తు వెళ్తుందో చూసుకోవచ్చు.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది.

మన పాప దగ్గరికి మళ్లీ వద్దాం. ఆమె రాకెట్ గొట్టం, వంటింట్లో కాగితం తువ్వాళ్లు అయిపోయాక మిగిలిన అట్ట గొట్టం. 42 మిల్లీమీటర్ల లావు. బరువు 110 గ్రాములు. పక్కనే ఒక పెద్దాయన ఉన్నాడు. ఇరవయ్యేళ్లుగా ఇదే వ్యాపకం. ఆయన రాకెట్ సరిగ్గా మోటారు పట్టేంత సన్నం, 19 మిల్లీమీటర్లు. బరువు 45 గ్రాములు. ఇద్దరికీ మోటారు ఒక్కటే, సి.

ఆయన రాకెట్ 405 మీటర్లు వెళ్లింది. పాపది 147.

ఎవరు గెలిచారు? ఎత్తు మాత్రమే చూస్తే అడగాల్సిన పనే లేదు. కానీ ఒక్క నిమిషం ఆగండి. గాలిని చీల్చుకుంటూ పోయేటప్పుడు రాకెట్ ముఖం ఎంత వెడల్పుంటే అంత నిరోధం. 42కీ 19కీ లావులో తేడా రెట్టింపు పైచిలుకు. ముఖం వైశాల్యంలో తేడా దాదాపు అయిదు రెట్లు. అంటే పాప రాకెట్ అయిదింతల గాలిని తోసుకుంటూ వెళ్లింది. రెట్టింపుకు పైగా బరువు మోస్తూ వెళ్లింది. మరి పనితనం ఎవరిది మేలు? 405, 147 అన్న రెండు అంకెలు ఆ సంగతి చెప్పవు.

మామూలుగా మనం ఏం చేస్తాం? పాపకు ఒక ప్రోత్సాహక బహుమతి ఇస్తాం. ఒక పతకం మెళ్లో వేసి, చప్పట్లు కొట్టి, ఫొటో తీస్తాం. అది ప్రేమే, కాదనను. కానీ అది ఆటలో అరటిపండు. పాపకు పదకొండేళ్లు. ఆమెకు తెలుసు.

మరి పాపను నిజంగా లెక్కలోకి తీసుకోవాలంటే ఎలా? గెలిచే హక్కూ, ఓడిపోయే హక్కూ రెండూ ఇవ్వాలంటే ఎలా?

ప్రపంచం దీనికి రకరకాల జవాబులు వెతికింది. అమెరికా జాతీయ సంఘం వయసును బట్టి విడదీసింది. 7 నుంచి 13 ఏళ్ల వాళ్లు ఒక గుంపు, 14 నుంచి 18 ఒక గుంపు, ఆపైన పెద్దలు. అంతర్జాతీయ పోటీల్లో ఇంకో పద్ధతి. ప్రపంచ పోటీలు 1972లో అప్పటి యుగోస్లావియాలోని వర్షాట్స్‌లో మొదలయ్యాయి. అక్కడ ఎత్తు పోటీకి ఇంతకంటే సన్నని రాకెట్ తేకూడదని కొలతలే నిర్ణయించారు. ఇంకొన్ని పోటీల్లో అందరి రాకెట్లలోనూ ఒక కోడిగుడ్డు పెడతారు. అది పగలకుండా దిగాలి. గుడ్డు పట్టాలంటే గొట్టం లావుగా ఉండక తప్పదు, కాబట్టి అందరూ ఒక దారికి వస్తారు.

ఇవన్నీ మంచి పద్ధతులే. అయితే వీటన్నిటిలో ఒక్కటే సూత్రం ఉంది. ఒకేలాంటి వాళ్లను ఒకచోట చేర్చడం. అమెరికాలో, ఐరోపాలో వందల మంది వచ్చే పోటీలో అది కుదురుతుంది. కెనడా సంగతి వేరు. దేశం పెద్దది, జనం పలచన. ఒక పొలానికి శనివారం పూట పన్నెండు మంది వస్తే గొప్ప. వాళ్లను వయసుతో, మోటారు అక్షరంతో, లావుతో విడదీస్తూ పోతే ప్రతి గుంపులోనూ ఒక్కరే మిగులుతారు. ఒక్కరే పరిగెత్తి ఒక్కరే గెలిస్తే అది పోటీ ఎలా అవుతుంది?

కాబట్టి మనకు కావలసింది విడదీసే పద్ధతి కాదు. వేరువేరు వాళ్లను ఒకే త్రాసులో తూచే పద్ధతి. దాన్నే ఇంగ్లీషు వాళ్ల ఆటల భాషలో హ్యాండికాప్ అంటారు.

ఆ మాట మనకు కొత్త కాదు. హైదరాబాదు మలక్‌పేట గుర్రప్పందేలు తెలిసినవాళ్లు విని ఉంటారు. బాగా పరిగెత్తే గుర్రం వీపు మీద అదనపు బరువు పెడతారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటాలన్నది అక్కడి ఆశయం. గోల్ఫ్‌లోనూ అంతే. బాగా ఆడేవాడికి తక్కువ వెసులుబాటు, కొత్తగా ఆడేవాడికి ఎక్కువ.

కానీ మన పొలంలోకి ఈ పద్ధతి తేకూడదంటాను. ఎందుకో చెబుతాను. గుర్రప్పందెం సరిచేసేది పనితనాన్నే. బాగా పరిగెత్తావు కాబట్టి బరువు మొయ్యి అంటుంది. రాకెట్ పోటీలో పనితనాన్ని సరిచేస్తే ఇక పోటీ దేనికి? నెల రోజులు కూర్చుని, గరుకు కాగితంతో రెక్కలు నున్నగా రుద్ది, వెంట్రుకవాసి తేడా లేకుండా అతికించిన పిల్లకు ఆ కష్టానికి ఫలం దక్కాలి. సరిచేయాల్సింది పనితనాన్ని కాదు, పరిస్థితిని. ఈ ఒక్క మాట మళ్లీ చెబుతాను. పరిస్థితిని సరిచేయాలి. పనితనాన్ని ముట్టుకోకూడదు.

పరిస్థితిని సరిచేసే పద్ధతి మనకు బాగా తెలిసినది ఒకటుంది. క్రికెట్‌లో వాన పడినప్పుడు. 1992 ప్రపంచ కప్పు సెమీఫైనల్ సిడ్నీలో జరిగింది. ఇంగ్లండ్ మీద దక్షిణాఫ్రికా 13 బంతుల్లో 22 పరుగులు చేయాలి. వాన వచ్చింది. పది పన్నెండు నిమిషాలు పడి ఆగింది. లెక్క సరిచేశాక మిగిలినవి ఒక్క బంతీ, 21 పరుగులూ. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఇప్పటికీ మరచిపోరు. సరిచేయడం అంటూ చేస్తే ఎలా చేయకూడదో ఆ రోజు లోకం చూసింది. తరవాత డక్‌వర్త్, లూయిస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు కొత్త పట్టిక తయారు చేశారు. 1997 జనవరి 1న జింబాబ్వే, ఇంగ్లండ్ ఆటలో దాన్ని మొదటిసారి వాడారు. మిగిలిన ఓవర్లు ఎన్ని, చేతిలో ఉన్న వికెట్లు ఎన్ని, వీటిని బట్టి లక్ష్యం మారుతుంది. చూడండి, ఆ పట్టిక బ్యాటు పట్టినవాడు సచినా, పదకొండో నంబరా అని అడగదు. వాన తీసుకెళ్లినదాన్ని మాత్రమే లెక్కగడుతుంది.

ఇలాంటిదే ఇంకొక పద్ధతి ఉంది. అది కెనడాలోనే పుట్టింది. దాని కథ మన శ్రీకాకుళం నుంచి మొదలుపెడతాను.

2000 సంవత్సరం, సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి బరువులెత్తే పోటీలో, 69 కిలోల విభాగంలో నిలబడింది. ఒకసారి 110 కిలోలు, ఒకసారి 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. కంచు పతకం. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ. ఆ రోజు మొదటి రెండు స్థానాల వాళ్లు, చైనా అమ్మాయీ హంగరీ అమ్మాయీ, సరిగ్గా ఒకే బరువు ఎత్తారు. ఇద్దరిదీ 242.5 కిలోలు. బంగారం ఎవరికి ఇచ్చారు? ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయికి. తేలికైన ఒంటితో అంతే బరువు ఎత్తింది కాబట్టి ఆమెది మేలు. న్యాయంగానే ఉంది కదూ.

మరి వేరువేరు విభాగాల వాళ్లను పోల్చాలంటే? 48 కిలోల అమ్మాయినీ 69 కిలోల అమ్మాయినీ? ఎత్తిన బరువును ఒంటి బరువుతో భాగిస్తే సరిపోతుంది అనిపిస్తుంది. సరిపోదు. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది, ఏనుగు మోయలేదు. శరీరం పెరిగేకొద్దీ బరువు పెరిగినంత వేగంగా బలం పెరగదు. భాగిస్తే ఎప్పుడూ చిన్నవాళ్లే గెలుస్తారు. భాగించకపోతే ఎప్పుడూ పెద్దవాళ్లే గెలుస్తారు.

ఈ ముడి విప్పినవాడు రాయ్ సింక్లెయిర్. అల్బర్టాలో ఎడ్మంటన్‌కు చెందిన గణిత ఆచార్యుడు. ప్రతి విభాగంలోనూ ప్రపంచంలో ఎక్కువగా ఎత్తినవాళ్ల లెక్కలు తీసుకుని, ఒంటి బరువుకూ ఎత్తే బరువుకూ మధ్య ఒక వంపుగీత గీశాడు. నీ ఒంటి బరువుకు ఆ గీత ఎక్కడుందో చూసి, నీ ఫలితాన్ని సరిచేస్తారు. ఆ అంకెలను ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా, అంటే నాలుగేళ్లకోసారి, తిరగరాస్తారు. ఎడ్మంటన్‌లో వేసిన ఆ లెక్కను ప్రపంచంలో చాలాచోట్ల సింక్లెయిర్ పేరుతోనే వాడుతున్నారు. కాల్గరీ పొలంలో నిలబడ్డ మన పాపకు అక్కడి నుంచి మూడు గంటల దారి.

సింక్లెయిర్ నేర్పిన పాఠం రాకెట్లకు అచ్చంగా పనికొస్తుంది. ఎందుకంటే రాకెట్ల దగ్గరా అదే పొరపాటు చేయబుద్ధవుతుంది. బరువైన రాకెట్‌కు కష్టం ఎక్కువ కదా, అయితే ఎత్తును బరువుతో హెచ్చవేద్దాం అంటారు కొందరు. వినడానికి బాగుంది. చేసి చూద్దాం.

ఆ పెద్దాయన సన్నటి రాకెట్ తీసుకోండి. 45 గ్రాములు. లెక్క ప్రకారం అది సుమారు 450 మీటర్లు వెళ్లాలి. ఆయన దాని ముక్కులో ఒక బంకమట్టి ముద్ద కూరాడు. బరువు 80 గ్రాములైంది. ఎత్తు ఎంత తగ్గింది? సుమారు 340కి. బరువేమో దాదాపు రెట్టింపైంది, ఎత్తు మాత్రం పావువంతే తగ్గింది. హెచ్చవేసి చూస్తే ఆయన మార్కులు మూడోవంతు పెరిగాయి. ఏం కష్టపడ్డాడని? ఒక ముద్ద మట్టి పెట్టాడు, అంతే.

ఇదెలా అంటారా? ఒక బ్యాడ్మింటన్ బంతిని, అదే ఈకల బంతిని, బలం కొద్దీ ఆకాశంలోకి విసిరి చూడండి. కొంచెం పోయి ఆగిపోతుంది. ఒక నిమ్మకాయను విసరండి. అది తేలిగ్గా ఇంకా పైకి పోతుంది. గాలిని చీల్చడానికి కొంత బరువు సాయం చేస్తుంది. మరీ తేలికైతే గాలి ఆపేస్తుంది. మరీ బరువైతే మోటారు మోయలేదు. నడుమ ఎక్కడో ఒక మేలైన బరువుంటుంది. కాబట్టి బరువుకు ఇన్ని మార్కులు, లావుకు ఇన్ని మార్కులు అని విడివిడిగా పంచకూడదు. రెండింటినీ కలిపి, లెక్క మొత్తం వేయాలి.

అయితే ఎలా? నా మనసులోని పద్ధతి చెబుతాను. వినడానికి తేలికగా ఉండాలని దానికి గీత అని పేరు పెడుతున్నాను.

ప్రతి రాకెట్‌కూ, అది ఎగరకముందే, ఒక గీత నిర్ణయిస్తాం. ఇలాంటి రాకెట్, ఇవాళ్టి గాలిలో, మామూలు పనితనంతో ఇంత ఎత్తు వెళ్లాలి అని. అదే దాని గీత. తరవాత రాకెట్ ఎగురుతుంది. గీతను అందుకుంటే నూరు. దాటితే నూరుకు పైన. అందుకోలేకపోతే నూరుకు కింద. పోటీ పక్కవాడి ఎత్తుతో కాదు, ఎవరి గీతతో వారిది. గెలుపు మాత్రం అందరిలోనూ తేలుతుంది.

గీత గీయడానికి మోటారు, బరువు, లావు, ఆ రోజు గాలి తెలిస్తే చాలు. మోటారు అక్షరం దాని మీదే రాసి ఉంటుంది. బరువు తూకం చెబుతుంది. లావు కొలబద్ద చెబుతుంది. గాలి సంగతి తరవాత చెబుతాను. ఈ నాలుగింటికి మించి ఇంకేదీ లెక్కలోకి రాదు. రెక్కల ఆకారం రాదు. రంగు నున్నదనం రాదు. ముక్కు వాలు రాదు. ఎందుకు రాదు? అవి పనితనం కాబట్టి. నున్నగా రుద్దిన రెక్కకు గాలి తక్కువ అడ్డుపడుతుంది. ఆ లాభం రుద్దిన చేతికే చెందాలి. గీత దాన్ని లాక్కోకూడదు.

గాలి నిరోధానికి ఒక గుణకం ఉంటుంది. ఈ వ్యాపకంలో ఉన్నవాళ్లు మామూలు రాకెట్‌కు 0.75 అని వేసుకోవడం పాత అలవాటు. అందరికీ అదే వేద్దాం. నీ రాకెట్ నున్నగా ఉంటే నిజంలో నీ గుణకం అంతకంటే తక్కువ, నువ్వు గీత దాటుతావు. రెక్క వంకరగా అతికిస్తే రాకెట్ మెలికలు తిరుగుతుంది, గీత కిందే ఆగిపోతావు.

ఇప్పుడు మన ఇద్దరి లెక్కా చూద్దాం. పెద్దాయన రాకెట్ గీత సుమారు 450 మీటర్లు. ఎగిరింది 405. అంటే నూటికి తొంభై. పాప రాకెట్ గీత సుమారు 140 మీటర్లు. ఎగిరింది 147. అంటే నూట అయిదు.

పాప గెలిచింది. ఎవరూ జాలిపడి ఇచ్చింది కాదు. వచ్చే శనివారం పెద్దాయన రెక్కలు సరిచేసుకుని వస్తే, ఇదే గీత మీద పాప ఓడిపోవచ్చు కూడా. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది ఆ రెండో మాటే. ఓడిపోగలగడం. ఆటలో అరటిపండుకు అది ఉండదు.

గాలి సంగతి చెబుతానన్నాను కదా. కెనడాలో ఇది చాలా పెద్ద సంగతి.

వాంకూవర్ సముద్రం ఒడ్డున ఉంది. కాల్గరీ వెయ్యి మీటర్లకు పైన ఉంది. ఆ ఎత్తులో గాలి దాదాపు పదోవంతు పలచన. చలి రెండుచోట్లా ఒకేలా ఉందనుకుంటే, పెద్దాయన సన్నటి రాకెట్ కాల్గరీలో సుమారు 30 మీటర్లు ఎక్కువ వెళ్తుంది. పాప లావు రాకెట్‌కు పెరిగేది మాత్రం అయిదారు మీటర్లే. అంటే పలచటి గాలి అందరికీ సమానంగా పంచిపెట్టదు. వేగంగా పోయేవాడికి ఎక్కువ ఇస్తుంది. అందుకే కాల్గరీలో పదిశాతం తీసేద్దాం అని గుండుగుత్తగా కొట్టేయకూడదు. ప్రతి రాకెట్ గీతనూ ఆ ఊరి గాలితో మళ్లీ లెక్కగట్టాలి.

తరవాత చలి. చలిలో గాలి చిక్కబడుతుంది. అదొక్కటే కాదు, చలి కొలతనే మోసం చేస్తుంది. ఇది కొంచెం నిదానంగా వినండి.

వెనకటి రోజుల్లో ఎత్తు కొలవడానికి పొలంలో రెండు వైపులా ఇద్దరు నిలబడేవారు. చేతిలో కోణం కొలిచే పరికరం. రాకెట్ ముక్కు ఊడినప్పుడు లోపల పెట్టిన రంగు పొడి, మన కుంకుమలా, గుప్పుమని చిమ్మేది. ఆ మచ్చను ఇద్దరూ గురిచూసి కోణాలు కేకేసి చెప్పేవారు. రెండు లెక్కలూ బాగా తేడా వస్తే ఆ ఎగురుడు పోయినట్టే, మళ్లీ ఎగరాలి. ఇప్పుడు ఆ కష్టం లేదు. ఆల్టిమీటర్ అని కొన్ని గ్రాముల చిన్న పరికరం రాకెట్ లోపలే కూర్చుంటుంది. గాలి పీడనం ఎంత తగ్గిందో చూసి ఎత్తు చెబుతుంది.

కానీ మామూలుగా ఆ పరికరం లెక్క వేసేటప్పుడు నేల దగ్గర వేడి 15 డిగ్రీలు అనుకుంటుంది. కెనడా నవంబరులో 15 డిగ్రీలు ఎక్కడివి? సున్నాకు పది డిగ్రీల కింద ఉన్న రోజు చిక్కటి గాలిలో కొంచెం పైకి వెళ్లగానే పీడనం త్వరగా పడిపోతుంది. పరికరం మోసపోయి, ఎక్కువ ఎత్తు వెళ్లానని చెబుతుంది. 100 మీటర్లు అని అది చూపిస్తే నిజానికి వెళ్లింది 91 మీటర్లే. ఒకే పొలంలో ఒకే పూట ఎగిరిన వాళ్లకు దీనివల్ల నష్టం లేదు, అందరికీ అదే మోసం. కానీ జులైలో అంటారియోలో ఎగిరిన పిల్లాడినీ, నవంబరులో సస్కాచెవాన్‌లో ఎగిరిన పిల్లనూ ఒకే పట్టికలో పెట్టాలంటే, ముందు ఈ చలిని తీసేయాలి. కెనడా లాంటి దేశంలో పన్నెండు మంది పిల్లలు ఒకచోట దొరకడం కష్టమన్నాను. గీత సరిగా ఉంటే ఒకచోట దొరకాల్సిన పనే లేదు. ఎవరి పొలంలో వాళ్లు ఎగరొచ్చు. పోటీ దేశమంతా జరుగుతుంది.

చలికి ఇంకో గుణం ఉంది. ప్లాస్టిక్ పారాచూట్ బిరుసెక్కి, మడత విప్పుకోదు. అనుభవమున్నవాళ్లు దాని మీద పిల్లల పౌడరు చల్లి మడుస్తారు. ఇది పనితనం. దీనికి గీతలో సర్దుబాటు ఉండకూడదు. పారాచూట్ విచ్చుకోకుండా పడిన రాకెట్‌కు, ఎంత ఎత్తు వెళ్లినా, మార్కులు ఇవ్వకూడదు.

మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. లెక్కలన్నీ ఎవరు వేస్తారు అని. ఫిన్‌లాండ్‌లో సాంపో నిస్కానెన్ అనే విద్యార్థి 2009లో తన చదువు కోసం ఓపెన్‌రాకెట్ అనే ప్రోగ్రాము రాశాడు. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు. మన గీతకు అంత కూడా అక్కర్లేదు. ఇంటర్మీడియెట్ చదివే పిల్లలు ఒక మధ్యాహ్నం కూర్చుంటే పట్టిక తయారు చేయగలరు. ఆ పట్టికను పోటీకి ముందే అచ్చువేసి బల్ల మీద పెట్టాలి. ఎగిరాక గీత మార్చకూడదు. ఎగరకముందు తన గీత ఎంతో ప్రతి పిల్లకూ తెలియాలి.

ఇంకో జాగ్రత్త. రాకెట్ తెచ్చినవాళ్లు చెప్పిన బరువు తీసుకోకూడదు. బల్ల దగ్గరే, మోటారు ఎక్కించాక, అందరి ముందూ తూచాలి. గీత తక్కువ రావడానికి ఎవరైనా బంకమట్టి పెట్టుకొచ్చారనుకోండి. పెట్టుకోనివ్వండి. బరువు పెరిగితే గీత తగ్గుతుంది, నిజమే. కానీ ఎత్తూ అంతే తగ్గుతుంది. లాభమేమీ లేదు. మట్టిముద్దతో గెలవలేని లెక్కే మంచి లెక్క.

అలాగే, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు మోటార్లు కూడా అచ్చం ఒకేలా మండవు. కొంచెం హెచ్చుతగ్గులు ఉంటాయి. కాబట్టి నూట అయిదుకూ నూట నాలుగుకూ మధ్య గెలుపోటములు తేల్చడం అన్యాయం. రెండుసార్లు ఎగరేయించి సగటు తీయాలి. అప్పటికీ వెంట్రుకవాసి తేడా ఉంటే ఇద్దరికీ కలిపి ఇవ్వాలి.

ఏది ఏమైనా ఎక్కువ ఎత్తు వెళ్లిందే గొప్ప అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట నేను తోసెయ్యను. 405 మీటర్ల పైకి పోయిన రాకెట్‌ను మెడ వెనక్కి వాల్చి చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. అసలు ఎత్తుల పట్టిక కూడా పక్కనే ఉండాలి. మల్లీశ్వరి ఎత్తిన 240 కిలోలు ఏ సూత్రం వేసినా 240 కిలోలే కదా. ఆ పట్టికా, ఈ పట్టికా రెండూ ఒకే గోడ మీద ఉండాలన్నదే నా కోరిక. కెనడియన్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ ఈ దేశంలో ఇలాంటివాళ్లందరికీ పెద్ద దిక్కు. దాని నీడలో ఉన్న చిన్న చిన్న క్లబ్బుల్లో మన తెలుగు పిల్లలూ ఉంటారు. వాళ్ల అమ్మానాన్నలు ఈ మాటలు వింటుంటే, ఈసారి పొలానికి వెళ్లేటప్పుడు వంటింటి తూకం ఒకటి కారులో వేసుకెళ్లండి. పిల్లలతో లెక్క వేయించండి. ఎగరకముందు వేయించండి.

మన పాప ఇప్పుడు ఏం చేస్తోందో చూద్దాం. రాకెట్ గాలివాటున కొట్టుకుపోయి, పక్క పొలంలో దిగింది. మోళ్ల మీదుగా పరిగెడుతోంది. వెనకాల పెద్దాయన నడుస్తున్నాడు, ఆయనదీ అటే పడింది. పాప ఆగి, గొట్టంలోంచి ఆల్టిమీటర్ బయటికి తీసి, చలికి వణికే వేళ్లతో అంకె చదివింది. నూట నలభై ఏడు. జేబులోంచి కాగితం తీసి గీత చూసుకుంది. ఆయన వంగి, తన పొడవాటి సన్నటి రాకెట్ చేతిలోకి తీసుకుంటూ అడిగాడు, రెక్కలు ఏ కాగితంతో రుద్దావమ్మా అని.